మేధావి కన్నీరు

కుంభకోణములో చదువుకొనుచున్న ఒక బాలునకు గణిత పరీక్షలో 45 మార్కులకు 42 వచ్చినవి. అతని నేస్తమునకు 43 వచ్చినవి. తక్కిన పరీక్షలలో నీవే నన్ను మించితివి గదా యని ఆ నేస్తము ఊరడింపబోయెను. బాలుడు వినలేదు. లెక్కలలో తానే ప్రథముడని బడియంతయు ఎరుగును. ఈనాడు అందరి యెదుటను అది కాకపోయెను. అతడు నేస్తముతో మాటలు మానెను. ఏడ్చుచు ఇంటికి పరుగెత్తి తల్లిని చేరెను. ఇంతకును తక్కువైనది ఒక్క మార్కు!

ఆ బాలుడు శ్రీనివాస రామానుజన్. గణితశాస్త్ర చరిత్రలో అతని స్థానమెట్టిదో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1887 డిసెంబరు 22న ఈరోడులో పుట్టి, 1920 ఏప్రిల్ 26న, ముప్పదిమూడేండ్లయినను నిండకుండ కన్నుమూసిన ఆ మహామేధావి జీవితమును ఎందరో వ్రాసిరి. వారిలో రాబర్ట్ కానిగెల్ 1991లో వెలువరించిన గ్రంథము మిక్కిలి వివరమైనది. ఇట్టి చరిత్రలను సూత్రముల కొరకు గాక మనిషి కొరకు చదువువారికి ఒక విషయము పదే పదే కంటబడును. సంఖ్యల యెదుట ఎన్నడును జంకని ఆ మనస్సు అవమానము యెదుట ఒక క్షణమైనను నిలువలేకపోయెడిది.

హైస్కూలు దినములలోనే రామానుజన్ త్రికోణమితిలో ఒక విషయమును స్వయముగా కనుగొని లోలోన మురిసిపోయెను. దానిని ఆయిలర్ అను స్విస్ పండితుడు 150 సంవత్సరములకు పూర్వమే కనుగొన్నాడని పిమ్మట తెలిసినది. ఎవ్వరి సాయమును లేక ఒక బడిపిల్లవాడు ఆయిలర్ నడచిన త్రోవను తానును నడచి వచ్చెననినచో అది ఊరంతయు పండుగ చేసికొనదగిన వార్త. కాని రామానుజన్ సిగ్గుతో క్రుంగి, ఆ కాగితములను ఇంటి కప్పులో దాచివైచెను. అది ఓటమి కాదని చెప్పువారు ఆ సమయమున అతని ప్రక్కన లేకపోయిరి.

1904లో టౌన్ హైస్కూలు చదువు ముగియునప్పటికి అతనికి గణితమున రంగనాథరావు బహుమానము లభించెను. ఈ విద్యార్థికి నూటికి నూరు మార్కులు ఇచ్చినను చాలవని ప్రధానోపాధ్యాయుడు సభాముఖమున ప్రశంసించెను. విద్యార్థి వేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఎఫ్. ఏ. తరగతిలో చేరినాడు. అంతకు ముందు సంవత్సరమే కార్ అను ఆంగ్లేయుడు వేలకొలది సిద్ధాంతములను క్రోడీకరించిన పుస్తకమొకటి అతని చేతికి చిక్కినది. ఇక చరిత్ర యేమి, శరీరశాస్త్రమేమి, ఆంగ్ల వ్యాసరచనమేమి, ఏదియు చెవికెక్కలేదు. ఆంగ్లమున తప్పినాడు; విద్యార్థి వేతనము పోయినది. తండ్రి బట్టల దుకాణమున గుమాస్తా. నెలకు సుమారు 20 రూపాయల సంపాదనము. తల్లి కళాశాలాధ్యక్షుని దర్శించి మొరపెట్టుకొనెను గాని ఫలము లేకపోయెను.

1905 ఆగస్టులో రామానుజన్ ఇంట ఎవ్వరికిని చెప్పక రైలెక్కెను. ఎక్కడికి? సుమారు 700 మైళ్ళ దూరమున నున్న విశాఖపట్టణమునకు! విశాఖను గూర్చి తెలుగువారు ఎన్నెన్నో చెప్పుకొందురు. మార్కుల యవమానమును మోసికొని పదునేడేండ్ల రామానుజన్ ఆ సముద్రతీరమునకు వచ్చెనని చెప్పుకొనువారు మాత్రము అరుదు. తలిదండ్రులు పత్రికలో ప్రకటన వేయించిరి. తండ్రి ఊరూర వెదకెను. కొన్ని వారములకు పిల్లవాడు ఇల్లు చేరినాడు. మరుసటి యేడు మదరాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరి, మరల ఎఫ్. ఏ. పరీక్షకు కూర్చుండి 1906లోను, 1907లోను తప్పినాడు. శరీరశాస్త్రమున నూటికి పదియైనను రాలేదట. జీర్ణకోశమును గూర్చిన ప్రశ్నకు, ఆ పాఠము తనకు జీర్ణము కాలేదని చమత్కరించి కాగితము నిచ్చివైచెనని చెప్పుకొందురు. ఆ చమత్కారమును విని నవ్వుకొనువారే గాని, దాని వెనుక నున్న నిస్పృహను తలచువారు తక్కువ.

ఇంతకును లోపించినదేమి? బుద్ధియని ఎవ్వరును అనజాలరు. శ్రద్ధయా? రాత్రింబవళ్ళు పలకతో కూర్చుండినవానికి శ్రద్ధ లేదందుమా? రుచింపని పాఠమును గూడ కొంత ఓర్చి చదువుట, తప్పినపుడు తలయెత్తి నిలుచుట, తన బాధను ఒకరితో చెప్పుకొనుట, ఒక పరీక్ష వేరు, తన ప్రాణము విలువ వేరు అని ఎరుగుట, ఇవన్నియు వేరొక శక్తి. 1990లో అమెరికాలో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఇట్టి శక్తికి ఒక శాస్త్రీయ స్వరూపమును కల్పింపజూచిరి. తన యుద్వేగములను, పరుల యుద్వేగములను గుర్తించుట, వాని కారణములను అర్థము చేసికొనుట, వానిని అణచివేయక అదుపున నుంచుకొనుట అను నేర్పునకు వారు పెట్టిన పేరును తెలుగున ఉద్వేగప్రజ్ఞ అనవచ్చును.

పేరు మంచిదే. కాని 1995లో డానియల్ గోల్మన్ అను రచయిత ఈ విషయముపై వ్రాసిన జనరంజక గ్రంథము పుణ్యమా యని అది పండితుల చేతినుండి బజారునకు దిగినది. జీవిత విజయమునకు బుద్ధికంటె ఉద్వేగప్రజ్ఞయే ముఖ్యమని ప్రతి ఉపన్యాసకుడును చెప్పసాగెను. చెప్పినంత నిరూపింపబడలేదు. 2020లో కెరొలిన్ మెకాన్ అను ఆస్ట్రేలియా పరిశోధకురాలు, ఆమె సహచరులును అంతవరకు జరిగిన పరిశోధనలను ప్రోగుచేసి, 42 వేలకు పైబడిన విద్యార్థుల వివరములను కలిపి గణించిరి. ఉద్వేగప్రజ్ఞకును చదువులోని ఫలితములకును గల సంబంధము, సంపూర్ణ సంబంధమును 1 గాను, సంబంధమే లేకుండుటను 0 గాను కొలిచినచో, 0.20 మాత్రమే యని తేలినది. నాకు ఓర్పు కలదు, నాకు నిగ్రహము కలదు అని విద్యార్థి తన్ను గూర్చి తానే చెప్పుకొనినపుడు ఆ సంబంధము ఇంకను తక్కువ. నిజముగ ఒక పరీక్ష పెట్టి నేర్పును కొలిచినపుడు కొంత యెక్కువ. శాస్త్ర విషయములలో కంటె భాషా సాహిత్యాది విషయములలో ఎక్కువ. కావ్యము చదువువానికి శకుంతల మనస్సు తెలియవలెను గదా. సమీకరణమునకు మనస్సు లేదు.

0.20 అనునది చిన్న సంఖ్య. దానిని పెద్దది చేసి చెప్పుట న్యాయము కాదు. కాని ఆ సంఖ్య వేలమంది సగటు. సగటు విద్యార్థి సగటు దినమున వ్రాయు సగటు పరీక్షలో మనోనిబ్బరము వలన వచ్చు మార్కులు కొద్దివే కావచ్చును. ఏటికి వంతెన కట్టినవాడు దాని బలమును వేసవిలో చూచుకొని తృప్తి పడడు. మేధావియైన విద్యార్థికి వరద వచ్చు దినమొకటి కలదు. తాను మొదటివాడు కానని మొదటిసారి తెలియు దినమది. సామాన్య విద్యార్థి చిన్ననాటినుండియే ఓడుచు, లేచుచు, తిరిగి ఓడుచు, ఆ విద్యలో కొంత ఆరితేరియుండును. ప్రతిభావంతునకు ఆ అభ్యాసమే యుండదు. పదునారేండ్లు వచ్చువరకు ఓటమి రుచి యెరుగనివాడు ఒక్కసారిగ దానిని గ్రుక్కెడు త్రాగవలసి వచ్చును.

ఈ విషయమున లూయీ టెర్మన్ పరిశోధన తలచుకొనదగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన టెర్మన్ 1921లో కాలిఫోర్నియా రాష్ట్రపు పాఠశాలలను గాలించి, బుద్ధిపరీక్షలలో అత్యున్నత శ్రేణికి చెందిన సుమారు 1500 మంది బాలబాలికలను ఎన్నుకొని, వారి జీవితములను దశాబ్దముల తరబడి వెంటాడెను. మేధావులు రోగిష్ఠులు, పిచ్చివారు అను పాత మూఢనమ్మకమును ఆ పరిశోధన పటాపంచలు గావించినది, అది ఘనకార్యమే. కాని అదే పరిశోధన దాని కర్త యెదురుచూడని మరియొక పాఠమును చెప్పినది. పెద్దవారైన తరువాత ఆ పురుషులలో మిక్కిలి కృతార్థులైనవారిని ఒకవైపును, మిక్కిలి వెనుకబడినవారిని వేరొకవైపును ఉంచి పోల్చిచూచిరి. చిన్ననాటి బుద్ధిపరీక్షలలో రెండు వర్గములకును గల భేదము స్వల్పము. పెద్ద భేదము కనబడినది పట్టుదలలోను, ఒక గమ్యమునకు తన శక్తులను కూర్చుకొనుటలోను, ఆత్మవిశ్వాసములోను, న్యూనతాభావము లేకుండుటలోను. బుద్ధికిని సిద్ధికిని పూర్ణమైన సామ్యము లేదని టెర్మనే 1947లో ఒప్పుకొనవలసి వచ్చెను.

ఇచట ఒక మాట మరుగుపరుపరాదు. కృతార్థులైన వర్గమువారి తండ్రులు ఎక్కువ చదువుకొన్నవారు. ఇండ్లలో పుస్తకములు ఎక్కువ. కావున పట్టుదల, ఆత్మవిశ్వాసము అనునవి గాలినుండి ఊడిపడిన గుణములు కావు. అన్నము వలె, దీపము వలె, వానిని గూడ ఇంటివారు సమకూర్చవలసియుండును. పేదవాని బిడ్డకు నిబ్బరము లేదని నిందించు పెద్దలు ఈ మాటను గుర్తుంచుకొనిన బాగుండును. ఇంకొక వింత: టెర్మన్ పరీక్షలకు కూర్చుండియు ఎన్నిక కాని బాలురలో ఇద్దరు, విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్, తరువాత 1956లోను 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిరి. ఎన్నికైనవారిలో ఒక్కరికిని ఆ బహుమానము రాలేదు!

టెర్మన్ మేధావులను దూరమునుండి లెక్కించెనేమో. లీటా హాలింగ్‌వర్త్ అను విదుషి వారిని దగ్గరనుండి చూచినది. న్యూయార్కు నగరమున అసాధారణ ప్రజ్ఞగల పిల్లలకు చదువు చెప్పించి, వారితో మెలగి, ఆమె వ్రాసిన గ్రంథము ఆమె మరణానంతరము 1942లో వెలువడినది. పెద్దవాని బుద్ధి, పసివాని హృదయము, పసివాని దేహము ఒక్కచోట చేరిన బిడ్డకు కష్టములు తప్పవని ఆమె గుర్తించినది. ఎనిమిదేండ్ల పిల్ల మృత్యువును గూర్చి వేదాంతివలె ప్రశ్నించును. సమాధానము వినిన రాత్రి పసిపిల్లవలె నిద్రపట్టక ఏడ్చును. తలిదండ్రులు ప్రశ్నను చూచి బిడ్డ పెద్దదైనదని భ్రమింతురు. ప్రజ్ఞ ఒక స్థాయిని మించిన కొలదిని తోటివారితో స్నేహము దుర్లభమగుననియు హాలింగ్‌వర్త్ గమనించెను. మాటాడదగినవాడు తరగతిలో ఒక్కడును లేని పిల్లవాడు మాటాడుటనే మరచును. తరువాత వానిని అహంభావియని లోకమనును.

ఇంటివారి పాత్ర ఎట్టిదో తెలిసికొనుటకు ఇద్దరు బాలుర కథ చాలును. 1909లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఒకేసారి ఇద్దరు బాలమేధావులు కనబడిరి. పదునాలుగేండ్ల నార్బర్ట్ వీనర్ అప్పటికే పట్టభద్రుడు. పదునొకండేండ్ల విలియం సైడిస్ ఆ వయస్సునకే విద్యార్థిగ చేరి, 1910 జనవరిలో నాలుగు కొలతల రేఖాగణితమును గూర్చి పండితుల యెదుట ఉపన్యసించెను. ఇద్దరి తండ్రులును పండితులే. ఇద్దరును తమ శిక్షణ వలననే కుమారుడు ఇంతవాడైనాడని లోకమునకు చాటినవారే. వీనర్ తండ్రి, తన కొడుకు సామాన్యుడేననియు, తన బోధనయే గొప్పదనియు అచ్చువేయించెను. ఆ మాట ఎంత లోతుగ గ్రుచ్చుకొనెనో వీనర్ 1953లో వెలువడిన తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను: గెలుపు తండ్రిది, ఓటమి తనది! అయినను వీనర్ ఆ గాయమును మాటలలో పెట్టగలిగెను, మితృల నడుమ నిలిచెను, సైబర్నెటిక్స్ అను నూతన శాస్త్రమునకు ఆద్యుడాయెను. సైడిస్ పత్రికలవారి వేటకు విసిగి, జనుల కంట పడకుండ చిన్న చిన్న గుమాస్తా కొలువులలో దాగి, ట్రాముబండి టిక్కెట్లను సేకరించుకొనుచు 1944లో మరణించెను. సైడిస్ జీవితము వ్యర్థమనుటకు ఎవ్వరికిని అధికారము లేదు. తనకు కావలసిన ఏకాంతమును అతడు కోరుకొనెను. కాని ఆ యేకాంతము విశ్రాంతియా, లేక జీవితకాలపు పలాయనమా యను సందేహము మాత్రము పాఠకుని విడువదు.

మన సాహిత్య సంప్రదాయమున ఈ రహస్యమును ఎరిగిన విద్య యొకటి కలదు. అది అవధానము. సమస్యాపూరణము, దత్తపది, నిషిద్ధాక్షరి మున్నగు వానిలో పరీక్షింపబడునది బుద్ధి, ధారణ, కవిత్వము. కాని పృచ్ఛకులలో అప్రస్తుత ప్రసంగి యను నొకడుండును. వాని పని అవధానిని కవ్వించుట, నవ్వించుట, చికాకు పెట్టుట, అసందర్భమైన ప్రశ్నలతో మనస్సును చెదరగొట్టుట. అవధాని కోపింపరాదు, మౌనము దాల్చరాదు, నవ్వుచు సమాధానము చెప్పి, తెగిన పద్యపాదమును తెగినచోటనే అందుకొనవలెను. మన పూర్వులు చిత్తస్థైర్యమును పాండిత్యమునకు బయట నుంచక సభ నడుమనే ఒక ఆసనమిచ్చి కూర్చుండబెట్టిరి. తిరుపతి వేంకట కవుల వంటి మహావధానులు ఊరూర నిలిచి గెలిచినది పద్యముతో మాత్రమే కాదు. ఈనాటి పరీక్షామందిరమున అప్రస్తుత ప్రసంగి విద్యార్థి తలలోనే కూర్చుండి యుండును. వానికి సమాధానము చెప్పుట మాత్రము ఎవ్వరును నేర్పుట లేదు.

తెలుగునాట పల్లెటూరి ప్రతిభావంతులకు అవకాశము కల్పింపవలెనను తలంపు క్రొత్తది కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. 1986 నాటి జాతీయ విద్యావిధానమునుండి నవోదయ విద్యాలయములు వ్యాపించినవి. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసర కేంద్రములుగ రాజీవ్ గాంధీ పేర విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసి, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనసాగెను. వీని వలన ఎన్ని కుటుంబముల రాత మారినదో చెప్పనలవి కాదు. అయినను, ఊరి బడిలో ప్రథముడైన బాలుడు ఇట్టి విద్యాలయమున మొదటి పరీక్ష వ్రాసి, ఫలితముల పట్టికలో తన పేరును మొదటి పుట తిరగవేసి, రెండవ పుట తిరగవేసి వెదకుకొనుటను ఊహింపుడు. అతని బుద్ధి ఒక్క రవ్వయు తగ్గలేదు. ప్రక్కవారు మారినారు, అంతియే. హెర్బర్ట్ మార్ష్ అను పండితుడు 1984 మొదలుకొని ఈ విషయమును పరిశోధించి, సమానమైన శక్తిగల విద్యార్థులలో గట్టివారి నడుమ చదువువాడు తన్ను తాను తక్కువగ అంచనా వేసికొనునని చూపెను. చిన్న చెరువులో పెద్ద చేప అను నుపమానముతో ఆ సిద్ధాంతము ప్రసిద్ధికెక్కినది. ఊరివారేమో బస్సు దిగిన పిల్లవానిని, ఏమిరా అబ్బాయీ, అక్కడ గూడ నీవే ఫస్టు గదా యని అడుగుదురు. ప్రేమతోనే అడుగుదురు. పిల్లవాడు నవ్వి ఊరకుండును. ఆ నవ్వు చదువగల కన్ను ఆ యింట ఒకటైన నుండవలెను.

అట్టి కన్ను లేనపుడు ఏమగునో చెప్పుటకు కలము వెనుకాడును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినపుడు మార్కుల గణనలో దోషములు దొరలినవి. ఒక ప్రతిభావంతురాలికి తెలుగున సున్న అని వచ్చినది. పరిశీలించి చూడగ అది 99! ఆ బాలిక నిలిచినది. ఆమెకు జరిగిన అన్యాయము సరిదిద్దబడినది. కాని ఆ కొలదిదినములలో ఇరువదిమందికి పైగ విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. వారిలో ఎవ్వరికి ఏ బాధ యుండెనో బయటివారు నిర్ణయింపరాదు. అట్టి విషాదములకు కారణమెన్నడును ఒక్కటి యుండదు. లెక్క తప్పినవారి బాధ్యతను పిల్లల మనోదౌర్బల్యముపై నెట్టుట మరింత అన్యాయము. ఉద్వేగప్రజ్ఞ అను మాట ఇట్టిచోట పెద్దల తప్పిదములకు ముసుగు కారాదు. అయితే ఒక అంకె తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. ఆ అంకె చూచిన రాత్రి పిల్లవాని ప్రక్కన ఎవ్వరు కూర్చుండిరి అను ప్రశ్న మిగిలియే యుండును. విద్యాలయములు ఆచార్యులను పాఠములకు నియమించును; ఆ రాత్రికి ఎవ్వరిని నియమించినవి?

రామానుజన్ కథయందు ఆ ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. ఒకటి కేంబ్రిడ్జిలో కనబడును. 1913 జనవరిలో తాను వ్రాసిన లేఖ ఫలించి, 1914 ఏప్రిల్‌లో అతడు ఇంగ్లండు చేరెను. హార్డీ అంతటి గణితవేత్త అతనిని గుర్తించి, గౌరవించి, దినదినము కలిసి పనిచేసెను. అంతకు మించిన గురువును బుద్ధి కోరజాలదు. కాని హార్డీ తనకు దినదినము కనబడిన ఆ మిత్రుని అడిగి తెలిసికొనదగిన ముచ్చటలనేకము అడుగనే లేదని తరువాత తానే విచారించెను. యుద్ధకాలము, శాకాహారము దొరకదు, చలి, ఇంటినుండి ఉత్తరములు రావు. 1916లో రామానుజన్ ఒక భారతీయ మిత్రుని, అతనికి కాబోవు భార్యను, ఇంకొక స్త్రీని భోజనమునకు పిలిచి, స్వయముగ వండి వడ్డించెను. చారు రెండు మారులు పోయించుకొని, మూడవమారు స్త్రీలు వలదనిరి. అంతియే. కొంతసేపటికి చూడగ గృహస్థు లేడు! నాలుగు దినముల తరువాత ఆక్స్‌ఫర్డునుండి, అయిదు పౌనులు పంపుమని ఆ మిత్రునకు తంతి వచ్చెను. వంట మెచ్చలేదని అవమానపడి లేచిపోయినాడట. ఇరువదియెనిమిదేండ్లు దాటినను, ఒక్క మార్కు తగ్గినందులకు ఏడ్చుచు ఇంటికి పరుగెత్తిన బాలుడే అతడు. ఈసారి పరుగెత్తి చేరుటకు ఇల్లు లేదు. 1918 తొలిదినములలో, రోగముతోను ఒంటరితనముతోను వేగి, లండనులో ప్రాణత్యాగమునకు పూనుకొనగా దైవికముగ బ్రతికెను. పోలీసువారినుండి విడిపించినవాడు హార్డీయే. మరి కొన్ని నెలలకే, మే నెలలో, రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

రెండవ సమాధానము అంతకు పూర్వపుది, మనకు సమీపమైనది. 1910లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు, గడ్డము గీయని, మాసిన బట్టల యువకుడొకడు చినిగిన నోటుపుస్తకము చంకనిడుకొని వచ్చినపుడు, ఆ లెక్కలు తనకు పూర్తిగ బోధపడకున్నను తరిమివేయక, మరల మరల రానిచ్చి వినెను. నీకు కావలసినదేమని అడుగగా, బ్రతుకుటకు చాలినంత తిండి, లెక్కలలో మునుగుటకు తీరికయు చాలునని అతడు కోరెను. రామచంద్రరావు నెలకు 25 రూపాయల చొప్పున తన చేతినుండి పంపించెను. అన్యుల సొమ్ము తినుచుంటిననెడి బాధ రామానుజన్‌ను దొలుచుచుండగా, 1912 మార్చిలో మదరాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పని దొరికెను. అచట అతని పై యధికారులలో ఒకడైన నారాయణయ్యరుకు గణితమున ప్రవేశము కలదు.

రాత్రులందు తిరువల్లిక్కేణిలోని యింటిలో నారాయణయ్యరు, రామానుజన్ చెరియొక పలక పట్టుకొని అర్ధరాత్రము సమీపించువరకు కూర్చుండెడివారు. రామానుజన్ ఒక మెట్టు వ్రాసి, తరువాతి మెట్టునకు దుమికెడివాడు. రెండింటి నడుమ ఏమి జరిగెనో అనుభవజ్ఞుడైన నారాయణయ్యరునకే అంతుపట్టెడిది కాదు. తనకే తెలియనిది లోకమునకు ఎట్లు తెలియును? అతడు కోపింపలేదు, నీకు పద్ధతి తెలియదని చిన్నబుచ్చలేదు. నా బుద్ధి యున్నచోటికి నీవు దిగి రమ్ము, నీ రెండు మెట్ల నడుమ నా కొరకు పదిమెట్లయినను వ్రాయుమని బ్రతిమాలెడివాడు. మేధావికి అది కష్టమే. అయినను రామానుజన్ పలక తుడిచి, మరల మొదటినుండి, మెల్లగ, ఒక్కొక్క మెట్టే వ్రాయ మొదలిడెడివాడు.